ఫోను గుడిసె దగ్గర జుట్టు విప్పకు

ముందు నువ్వేం చూశావో చెప్పు. నీళ్లు నమలకు, నా మొహం చూసి చెప్పు. నిన్న రాత్రి ఫోను గుడిసె పక్కనుంచి వచ్చావు. నల్లరాళ్ల మీద ఓ ఆడమనిషి నిలబడి, చెవికి చెయ్యి ఆన్చుకుని మాట్లాడుతోంది... మా లోసా అనుకున్నావు. పలకరించావా? లేదు కదా? బతికావు. కూర్చో.

ఆ గుడిసె మంచిది కాదు. సవాయి దీవిలో ఈ ఒడ్డున పుట్టినవాళ్లందరికీ తెలుసు. తీగల ఫోను ఉన్న రోజుల్లో నేనూ అక్కడ నిలబడ్డదాన్నే — కొబ్బరి మూటలు మోసి బొబ్బలెక్కిన చేతుల్తో, ఆక్లండ్‌లో మా ఆయన బతికున్నాడో లేదో తెలుసుకోడానికి. తుఫానుకి తీగలు తెగిపోయాయి. మళ్లీ ఎవడూ వెయ్యలేదు. గుడిసె పాడుపడింది. అందులో ఆమె చేరింది — మనిషి కాదు.

పేరు పలకను. జుట్టు విరబోసుకుని, చెవిలో ఎర్రమందారం పెట్టుకుని, మగాడి కోసం నవ్వే ఆడదంటే ఆమెకి కడుపుమంట. అందుకే చీకటి పడితే మేం ముడి వేసుకుంటాం.

కానీ మా ఖర్మ చూడు — ఇంటర్నెట్ సిగ్నల్ అందేది అక్కడే! మగాళ్లు న్యూజిలాండ్ ఆపిల్ తోటల్లో, ఆడవాళ్లు ఆ రాళ్ల మీద. సాయంత్రం ప్రార్థనకి శంఖం ఊదుతారు. అది అయ్యాక, జుట్టు బిగించి ముడేసుకుని వెళ్తారు.

లోసా కూడా అలాగే వెళ్లింది. మా తమ్ముడు సెఫో పెళ్లాం. ఆ తోటలో ఆడపిల్లలు కూడా పనిచేస్తారని ఎవరో చెవిలో ఊదారు. అప్పట్నుంచీ దానికి అన్నం సహించలేదు. ఆ రాత్రి సంగతి అదే నాకు చెప్పింది, ఇదే చాప మీద కూర్చుని.

"తిన్నావా?" అని అడిగిందట మొగుణ్ణి.

వాడు బదులు చెప్పేలోపే... అవతలనుంచి ఓ ఆడగొంతు, మెల్లగా — "తిన్నావా?"

లోసాకి ఒళ్లు భగ్గుమంది. "ఎవర్తది?"

ఆ గొంతూ అడిగింది — "ఎవర్తది?" అదే పొగరుతో!

"నా మొగుడి పక్కన కూర్చుని నన్నే అడుగుతుందా!"

"ఒట్టే, ఎవరూ లేరు," అన్నాడు సెఫో. "గదిలో అందరం మగాళ్లమే. ఒకడైతే గురక కూడా పెడుతున్నాడు, విను కావాలంటే."

"గురకలో 'తిన్నావా' అని అడుగుతాడా వాడు? రేపే మీ అమ్మ అల్లిన పెళ్లిచాప తెచ్చి మీ వాకిట్లో పారేస్తా. పిల్లని తీసుకుని మా ఊరు పోతా."

పెళ్లిచాప తిరిగొచ్చిందంటే ఇక కాపురం లేనట్టే. వాడు హడలిపోయాడు.

"ఆగవే! ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాను. నీ గొంతే బయటికొచ్చి, మళ్లీ ఇందులోకే దూరి, నీ దగ్గరికొస్తోంది. ఉండు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటా."

పెట్టుకున్నాడు.

"సెఫో?" అంది లోసా, అనుమానంగా. తన మాట తిరిగి రాలేదు. "ఏమే, ఎక్కడ దాక్కున్నావే?"... ఊహూఁ. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు.

ఇంతసేపూ తన గొంతు మీద తనే కుళ్లుకుంది! పకపకా నవ్వింది. వాడూ నవ్వాడు.

"నీ జుట్టుకి రాసే కొబ్బరినూనె వాసన గుర్తొస్తోందే," అన్నాడు.

ఫోన్లో వాసన వెళ్తుందా? అయినా ఆ పిచ్చిది ముడి విప్పేసింది. గుడిసె పక్క మందారం తెంపి చెవిలో పెట్టుకుంది.

"ఇదిగో, విప్పాను... క్రిస్మస్‌కి వస్తావు కదూ?"

అప్పుడు... తన గొంతే. నవ్వుతూ. ఫోన్లోంచి కాదు — వీపు వెనకనుంచి.

"రాకు. నువ్వు లేకపోతేనే హాయి."

అవతల వాడికీ వినపడింది. "ఎంత మాటన్నావు, లోసా..."

"నేననలేదు! అది నేను కాదు —"

కాల్ కట్టయింది.

క్రిస్మస్ వచ్చింది, పోయింది. వాడు రాలేదు. "నా చెవులారా విన్నానక్కా, దాని గొంతు నాకు తెలీదా?" అంటాడు. తిట్టాను, ఏడ్చాను. వినడు. ఇంటర్నెట్ కాల్‌లో గొంతు తిరిగి రావడం మామూలేనంటారు ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు. రానీ! తిరిగొస్తే అన్న మాట రావాలి. అనని మాట ఎలా వచ్చిందిరా అంటే ఒక్కొక్కడే జారుకుంటాడు.

ఆ రాత్రి తెల్లారగానే లోసా కత్తెర తీసుకుని చెవుల దాకా జుట్టు కోసేసుకుంది. మళ్లీ పెరగనివ్వలేదు, ఆ రాళ్ల వైపు పోలేదు. నిన్న రాత్రి కూడా నా పక్కనే, ఈ చాప మీదే పడుకుంది.

ఇప్పుడు చెప్పు. రాళ్ల మీద నువ్వు చూసిన ఆ మనిషి జుట్టు... ఎక్కడిదాకా ఉంది?