గవాచిలో పొగ

"ఆ యమ్మ పేరు ఈ ఇంట్లో ఎత్తద్దని ఎన్ని తూర్లు సెప్పల్ల నీకు?"

అత్త తులసమ్మ గొంతు పెంచేసరికి అమృతవల్లి చేతిలోని గరిటె జారి కింద పడింది. తుంగభద్ర పొంగి మాధవరాన్ని చుట్టేసిందట! దారులన్నీ తెగిపోయాయట! ఆ ఊళ్లో ఏటి ఒడ్డున, మిద్దె ఇంట్లో ఆమె తల్లి అంజినమ్మ ఒంటరిగా ఉంది. ఉందో... లేదో...

మూడేళ్ల కిందట పెళ్లి సందడిలో పడి, వియ్యపురాలిని చెయ్యి పట్టుకుని విస్తరి దగ్గరికి పిలవడం అంజినమ్మ మరిచిపోయింది. అందరూ తిని లేచినా తులసమ్మ విడిదిలో ఆకలితోనే కూర్చుంది! కోడలు మాధవరం నేల తొక్కితే మళ్లీ తన గడప తొక్కకూడదని ఆ రోజే ఒట్టు పెట్టింది.

"అత్తా, మిద్దె మీద గవాచి కంతలోంచి పొగ వస్తేనే మా అమ్మ లేసి పొయ్యి ముట్టిచ్చినట్టు. అది సూసే ఇరుగుపొరుగు ఆమె బాగుందనుకుంటారు. ఆ పొగ ఒక్కటి ఎవరన్నా సూసొస్తే సాలు..."

"దావలు తెగిపోతే యాడ సూసొచ్చేది? గాల్లో పోవల్లనా?"

ఆ మాట అన్న మర్నాడే తమ ఊరు ఆదోనిలో విమానం దిగింది! ఎమ్మిగనూరు దారిలోని బయలు నుంచి ఒక దొర జనాన్ని ఎక్కించుకుని, మంత్రాలయం మీదుగా మాధవరం దాకా వరద చూపిస్తున్నాడట. అమృతవల్లి భర్త, పత్తి వ్యాపారి రంగనాయకులు తనకూ, తల్లి తులసమ్మకూ టికెట్లు తెచ్చాడు.

"అమ్మా, మన బజారులో విమానం ఎక్కే మొదటి ఆడమనిషివి నువ్వే!"

తులసమ్మ ఆ సంగతి వీధి వీధంతా చెప్పి వచ్చింది. అమృతవల్లికి మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. పెరట్లోకి పోయింది, వీధిలోకి వచ్చింది, పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. చివరికి భర్త దగ్గరికి వెళ్లి, "మా అమ్మ మిద్దె రవ్వంత సూడండి..." అంది.

"పైనుంచి మిద్దెలన్నీ ఒకే మాదిరి ఉంటాయి కదమ్మీ! నాకేం గుర్తు తెలుస్తాది?"

పక్కనే వత్తులు చేసుకుంటున్న తులసమ్మ తల ఎత్తలేదు.

బయలు నిండా జనం! తులసమ్మ పట్టుచీర కట్టి దర్జాగా ఎక్కి కూర్చుంది. ఇంజను గుర్రుమంది. అంతే! "దించండప్పా! తల తిరుగుతాంది!" అని కేకలు పెట్టింది. జనం పగలబడి నవ్వారు. దిగిన మనిషి తిన్నగా వచ్చి, జనంలో నిలబడి చూస్తున్న కోడలి రెక్క పట్టుకుని, "టికెట్టు దండగ కాకుండా నువ్వెక్కు!" అంది. తల తిరుగుతోందన్న ఆ మనిషి చెయ్యి రవ్వంత కూడా వణకడం లేదు!

"అత్తా, ఒట్టు..."

"నేల తొక్కద్దన్న్యా గానీ, గాల్లో పోవద్దన్న్యానా? ఎక్కు!"

ఆదోని కొండలు కిందికి జారిపోయాయి. కాసేపటికి కంటికి ఆనినంత మేర ఎర్రటి నీళ్లు! బండలు మునిగి, చేలు మునిగి, ఏరేదో ఊరేదో తెలియకుండా... ఎంత అందం, ఎంత భయం! రంగనాయకులు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆమె కళ్లు మాత్రం ఒక్క మిద్దె కోసం వెతుకుతున్నాయి. ఒకదాని మీద పొగ లేదు... ఇంకోదాని మీదా లేదు... అదిగో, ఒడ్డున, తమ వేపచెట్టు పక్కన సన్నగా పొగ! మిద్దె మీద ఒక ముసలామె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తోంది!

"అమ్మా!" అని అరిచింది అమృతవల్లి. ఇంజను హోరులో ఆ కేక ఆమెకే వినపడలేదు. పైన పోతున్నది తన బిడ్డేనని ఆ తల్లికి ఎలా తెలుస్తుంది!

విమానం దిగగానే జనాన్ని తోసుకుంటూ తులసమ్మ పరుగెత్తుకొచ్చింది.

"పొగ వస్తాండెనా?"

అమృతవల్లి అత్తను కావలించుకుని భోరుమంది. "వస్తాండె అత్తా... వస్తాండె!"

వెనక ఎవరో, "ముసలామె ఎంత బెదిరిపాయె!" అని ఇంకా నవ్వుతున్నారు. అమృతవల్లి కోపంతో వాళ్లవైపు తిరగబోతే, తులసమ్మ చెయ్యి నొక్కి ఆపింది.

"నవ్వనీలే. నీళ్లు తీసినాక బండి కట్టిస్తా, ఇద్దరం పోదాం." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఈ తూరన్నా ఆ యమ్మ నన్ను అన్నానికి పిలుస్తాదో లేదో సూద్దాం!"