రాహుకాలంలో కేసరి

భరణి అవ్వకు చీర కొనడానికి పురసవాక్కం వచ్చాడు. బయట వాన. కొట్టు నిండా జనం. చీరలు చూపించాల్సిన పిల్ల బల్ల వెనక వంగి చాక్లెట్ తింటోంది.

"ఏంమా, మేము ఈడ తడిసి నిలబడుండాము. నువ్వు చాక్లెట్ తింటాండావే?"

ఆ పిల్ల ఆగమని చెయ్యెత్తింది. నమిలి మింగాకే మాట్లాడింది.

"షుగర్ దిగిపొయింది సార్. తినకుంటే మీ మీదే పడతా. అప్పుడు చీర ఎవరు చూపిస్తారు?"

"షుగరా? ఈ వయసులోనా?"

"చిన్నప్పట్నించీ ఉండాది. ఇంకా ఏమన్నా అడగాల్నా, చీర చూస్తారా?"

భరణి చీర చూశాడు. ఆ పిల్లనూ చూశాడు. పేరు జీవిత అని తెలుసుకున్నాడు.

అవ్వకు రంగు నచ్చలేదని చీర మార్చడానికి మళ్ళీ వచ్చాడు. నిజానికి అవ్వకు రంగు బాగానే నచ్చింది. ఇంకోసారి వచ్చినప్పుడు జీవితే అడిగింది.

"అవ్వ నిజంగా ఉండాదా, కొట్టుకు రావడానికి పుట్టించినావా?"

"ఉండాది. నన్ను పెంచిందే ఆమె."

అలా మొదలైంది. భరణికి పెరంబూరులో రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ పని. షిఫ్టు వదలగానే బస్సెక్కి వచ్చేవాడు. ఇద్దరూ కాఫీ తాగేవాళ్ళు.

ఒకరోజు ఆమె నడుముకు తగిలించుకున్న చిన్న యంత్రం చూపించింది. ఇన్సులిన్ పంపు. చేతికి అంటించిన సెన్సర్ షుగర్ ఎంతుందో చెబుతుంది. దాన్నిబట్టి పంపు తనే మందు పెంచుతుంది, తగ్గిస్తుంది.

"అంతా అదే చూసుకుంటే నీకేం పని?"

"తినబోయే ముందు నేను దానికి చెప్పాల, ఇంత తింటాండానని. అప్పుడు ఎక్కువ మందు పంపిస్తాది."

"చెప్పి తినకుంటే?"

"పోయిన మందును వెనక్కి లాగలేదు గదా. షుగర్ దిగిపోతాది. మిషను కూస్తాది. అప్పుడు నోట్లో తీపి వెయ్యాల. గుర్తు పెట్టుకో, రేపు నువ్వే వెయ్యాల."

"ముసలోడినైనా వేస్తా."

"డైలాగులు వద్దు. కాఫీ తాగు."

భరణి పెళ్ళిచూపులకు అవ్వను ఒప్పించాడు. పంపు సంగతి మాత్రం చెప్పలేదు.

"పెళ్ళయినాక చెబ్దాం జీవితా. అవ్వ పాతకాలం మనిషి, బెదిరిపోతాది. చూపుల పొద్దు దాన్ని చీర లోపల పెట్టుకో."

"నాకేమో దొంగతనం చేసినట్టుండాది."

"నేనుండా గదా."

ఆ మాట మీద ఆమె ఒప్పుకుంది.

ఆదివారం సాయంత్రం చింతాద్రిపేటలో జీవిత ఇంటికి వెళ్ళారు. ట్రాఫిక్ వల్ల ఆలస్యమైంది. ఆమె తండ్రి యతిరాజులు ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. కేసరి, బజ్జీలు వచ్చాయి. పిల్ల కూర్చునే చోట కూడా ఒక పళ్ళెం పెట్టారు. లోపల ఉండగానే జీవిత పంపుకు తిండి సంగతి చెప్పేసింది. పట్టుచీరతో వచ్చి చాప మీద కూర్చుంది.

భరణి అవ్వ అమ్మణి గడియారం చూసింది.

"రాహుకాలం పట్టేసిందే! ఇప్పుడు నోరు తీపి చేసుకోకూడదు. సంబంధానికి మంచిది కాదు. అది పోయినాక తిందాం."

పళ్ళేల మీద అరిటాకులు కప్పారు.

జీవిత భరణిని చూసింది. మందు అప్పటికే లోపలికి పోయిందని అతనికి అర్థమైంది. పళ్ళెం ఆమె ముందే ఉంది. కానీ పెద్దలకంటే ముందు పెళ్ళికూతురు ముట్టుకుంటే బాగుండదు. యతిరాజులు "అమ్మా..." అని లేవబోయాడు. ఆమె వద్దని తల ఊపింది. భరణి చెబుతాడని ఆమె నమ్మకం.

అవ్వ ఆ మాటా ఈ మాటా చెబుతోంది. జీవిత నుదుట చెమట పట్టింది. చీర లోపల పంపు కూసింది.

"ఏంది ఆ సద్దు?" అంది అవ్వ.

భరణి నోరు తెరిచాడు. అవ్వ మొహం చూశాడు.

"ఫోను అవ్వా," అన్నాడు.

పంపు మళ్ళీ కూసింది. జీవిత ఆకు తీసి పక్కన పడేసింది. కేసరి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకో ముద్ద. యతిరాజులు పరుగున వెళ్ళి చక్కెర నీళ్ళు తెచ్చి తాగించాడు.

తేరుకున్నాక ఆమె పంపు బయటికి తీసి చూపించింది.

"ఫోను కాదవ్వా. నాకు షుగర్ జబ్బు. ఇది మందు ఎక్కించే మిషను. మీ మనవడికి తెలుసు."

అవ్వ మోకాలు పట్టుకుని లేచింది. జీవిత పక్కన కూర్చుని కొంగుతో నుదురు తుడిచింది.

"అయ్యో బిడ్డా! పానం కంటే రాహుకాలం ఎక్కువా? ఒక్క మాట చెప్పుంటే నేనే నోట్లో పెడతాంటి గదా." యతిరాజులు వైపు తిరిగింది. "నాకు ఈ పిల్లే కావాల."

భరణి ప్రాణం లేచొచ్చింది.

"మీరు మంచోళ్ళు అవ్వా," అంది జీవిత. "నాకే వద్దు."

వారం తర్వాత భరణి కొట్టుకు వెళ్ళాడు. ఆ రోజూ వానే. జీవిత చీర మడత పెడుతోంది.

"బెదిరిపోయినా జీవితా. తప్పే. అవ్వే ఒప్పుకొనింది, ఇంకేమి?"

"అవ్వకు తెలీదు. తెలిసినాక లేచి వచ్చింది. నీకు అన్నీ తెలుసు. కూర్చోనుంటివి."

"ఇంకొక్కసారి..."

"మిషను కూడా గమ్మునుండలేదు భరణీ."

ఆమె కళ్ళు తుడుచుకుంది. చీర కొస అతని వైపు జారింది. మడతకు సాయంగా అతను పట్టుకున్నాడు. ఆమె దాన్ని మెల్లిగా లాక్కుని, గడ్డం కింద అదిమిపట్టి, ఒక్కతే మడత పెట్టింది.