పందొమ్మిదో గది, చివరి బల్ల

ఆ కాలేజీలో మేడమీద కొసన ఉన్న పందొమ్మిదో గది మంచిది కాదంటారు. రెండేళ్ల కిందట ఒకమ్మాయి అక్కడే కాపీ కొడుతూ దొరికింది. రెండేళ్లు పరీక్ష రాయకుండా డిబారు చేశారు. ఆ తర్వాత మనిషి కనిపించలేదు — పోయిందన్నారు. నిజమో కాదో ఆ పిల్ల ఇంటికెళ్లి కనుక్కున్న మహానుభావుడు ఒక్కడూ లేడు. ఆర్నెల్లుగా పొద్దుగూకాక లోపల పెన్ను గీరుతున్న చప్పుడు వస్తోందని మాత్రం అందరికీ తెలుసు.

ఆ పిల్లని పట్టుకున్నది లెక్కల మేడమ్. అప్పట్నుంచీ ఆవిడకి కంటిమీద కునుకు లేదు.

ఆ వేళ, తెల్లారితే పరీక్ష. బల్లల మీద నంబర్లు అంటించాలి.

"పొద్దున్నే నేను అంటిస్తాలెండమ్మా," అని అటెండరు నీళ్లు నమిలాడు.

"దెయ్యానికి దడిసి పని ఆపుతామా?" అని మేడమ్ జిగురు సీసా పట్టుకుని మెట్లెక్కింది. ఎక్కిందే గానీ... మెట్టుమెట్టుకీ ఆగి పైకి చూస్తోంది.

వరండా అంతా చీకటి. గది తలుపు ఓరగా ఉంది. లోపల చిన్న వెలుతురు... గీర్... గీర్...

చప్పుడు ఆగిపోయింది.

"ఎవరది?"

"నేనే మేడమ్."

చివరి బల్ల. అదే జడ, అదే వంగిన మెడ. సీసా జారి భళ్లుమంది.

"నువ్వు... పోయావన్నారు..."

"అన్నవాళ్లెవరూ మా గుమ్మం తొక్కలేదుగా. ఆసుపత్రిలో ఉన్నాను. మీకు దొరికేనాటికే మూడు నెలలుగా నిద్ర లేదు, తలలో ఏదీ నిలిచేది కాదు. చెబుదామంటే నోరు పెగల్లేదు. సంజాయిషీ కాగితం మీరే నింపేశారు, 'చెప్పుకునేదేమీ లేదు' అని. నేను సంతకం పెట్టాను."

మేడమ్ వచ్చి ముందు బల్ల మీద కూచుంది. పిల్ల బతికుందని ఏడవాలో, తాను చేసినదానికి ఏడవాలో తెలియలేదు.

"ఈ గది తలుచుకుంటేనే చెమటలు పట్టేవి. రేపు పరీక్ష రాయాలిగా, అందుకే రోజూ వచ్చి ఇక్కడే కూచుని రాస్తున్నా. తాళం తీసేది అటెండరు బాబాయే. ఎవరూ ఇటు రాకుండా దెయ్యం కథ పుట్టించిందీ ఆయనే."

"రేపు నీకు వేరే గది వేయిస్తానమ్మా," అంది మేడమ్ గొంతు తగ్గించి.

"వద్దు. కాపీ కొట్టాను, కాదనను. శిక్ష అయిపోయింది. ఇంక దాక్కుని రాయను." పెన్నుకి మూత పెట్టింది. "నాకీ బల్లే కావాలి. కాపలాకి మీరే రండి."