మంత్రగత్తె వేషం వకుళకే

“నాన్నొచ్చాడు! నాన్నొచ్చాడు!” అంటూ ఆరేళ్ల జాబిలి సీటు మీద నిలబడి చప్పట్లు కొట్టింది. తెర మీద తెల్లకోటు తొడుక్కుని గాజుగొట్టాలు కడుగుతున్న శాస్త్రవేత్తది అచ్చంగా ముకుంద్ ముఖమే. అసలు ముకుంద్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాడు. ఆ వేషం తనకు కాక ఇంకెవరికొస్తుందన్నట్టు కూతురి పక్కన కూర్చుని మీసం సవరించుకున్నాడు.

కాకినాడలో ఇప్పుడెవరూ పరాయి ముఖాలు చూడటానికి సినిమాకు వెళ్లరు. హాల్లో కుటుంబానికో చిన్న గది, గదికో తెర. కథ అందరికీ ఒకటే, ముఖాలు మాత్రం ఎవరింటివి వాళ్లవి. ఎవరికి ఏ వేషమన్నది పాత్రనిర్ణేత అనే యంత్రం తేలుస్తుంది. ప్రతి ఇంటి గోడకూ ఉండే ఇంటికన్ను మూడు నెలలుగా చూసినదంతా దానికి అప్పజెబుతుంది. ఎవరు దబాయిస్తారు, ఎవరు ఎవరి వెనకాల నక్కుతారు, ఎవరి నవ్వు పైపైది, అన్నీ చూసి మరీ అది వేషాలు పంచుతుంది. దాని తీర్పంటే ఊరంతటికీ గురి. సంబంధం ఖాయం చేసుకునే ముందు రెండిళ్లవాళ్లూ కలిసి ఓ సినిమా చూసొస్తున్నారంటే ఇంక చెప్పేదేముంది!

“మరి నువ్వెప్పుడొస్తావు పిన్నీ?” అంది జాబిలి, వకుళ కొంగు లాగుతూ.

“వస్తాన్లేమ్మా, చూస్తూ ఉండు,” అంది వకుళ. తల్లి లేని ఆ పిల్లకు పిన్నిగా ఈ ఇంట అడుగుపెట్టి ఏడాదిన్నర. మొదటి ఏడాదంతా జాబిలి తండ్రి కాళ్ల చాటునుంచి ఇవతలికి రాలేదు. జడ వేయించుకోవడానికి తనంతట తాను వచ్చి కూర్చోవడం మొదలై రెండు నెలలే అయింది. రాణి వేషం అక్కర్లేదు, పిల్ల పక్కన నిలబడే చెలికత్తె వేషమిచ్చినా చాలు దేవుడా అనుకుంది వకుళ. ఆ యంత్రానికి నేను బయటిదాన్నని తెలిసిపోయిందేమో అని మరో పక్క అనుమానం.

‘మాయాపురంలో మైక్రోస్కోపు’ అన్న ఆ సినిమా మాత్రం ఒట్టి నీళ్లచారు. విజ్ఞానం గొప్పదా, మంత్రం గొప్పదా అని ఒక శాస్త్రవేత్తా, కొండ మీద మాంత్రికుడూ గంటన్నరసేపు వాదించుకున్నారు. బల్బులతో చేసిన గుర్రం ఓ పిల్లను ఎక్కించుకుని ఎగిరింది, కాసేపటికి దిగింది. ముకుంద్ రెండుసార్లు ఆవలించాడు. ఆ ఎగిరిన పిల్ల ముఖం తనదే కాబట్టి జాబిలి ఒక్కతే హుషారుగా ఉంది.

అప్పుడొచ్చింది ధూమ్రకేశి.

శాస్త్రవేత్త ఇంట్లో వంటమనిషిగా చేరిన మంత్రగత్తె అది. నవ్వుతూ పాయసం కలిపింది. ఎవరూ చూడకుండా గుప్పిట మూసి గిన్నె చుట్టూ మూడుసార్లు తిప్పి, పెదాలు కదిపింది. పొయ్యిలోంచి చిటపటమని పొగ లేచింది. ఆ పాయసం తిన్న తండ్రీ కూతురూ కూర్చున్నచోటే కుప్పకూలిపోయారు. ధూమ్రకేశి ఇటు తిరిగింది. ఆ ముఖం వకుళది.

జాబిలి ఈసారి చప్పట్లు కొట్టలేదు. మెల్లగా సీటు దిగి, వెళ్లి తండ్రి ఒళ్లో కూర్చుంది.

చివరికి విజ్ఞానమూ మంత్రమూ ఒకటేనంటూ అందరూ కౌగలించుకున్నారు. “పరమ చెత్త!” అంటూ ముకుంద్ లేచాడు. వరండాలోకి వచ్చాక వకుళ ఉండబట్టలేక, “ఏవండీ, నా గురించి మీరేమన్నా చెప్పారా ఆ యంత్రానికి?” అని అడిగింది.

“నాకేం పని? సినిమాకే ఇంత ఇదైపోతావేంటి!” అని నవ్వాడు ముకుంద్. నాలుగడుగులు వేశాక, “అయినా వకుళా, ఏదో చూడందే అది ఊరికే ఆ వేషం ఇవ్వదుగా?” అన్నాడు.

ఆ మాట ముల్లులా దిగింది. వకుళ గబగబా కౌంటరు దగ్గరకు నడిచింది. వెనకే తండ్రీ కూతురూ వెళ్లారు. గుమాస్తా వీరభద్రం తాపీగా మీటలు నొక్కి, చిన్న తెర ఇటు తిప్పాడు.

“ఇదిగోనమ్మా, కారణం ఇది. ఆదివారాలు సందెవేళ. సారు ఇంట్లో ఉండరు. పాప కునుకు తీస్తా ఉంటది. తమరు గుప్పిట్లో ఏదో పట్టుకుని పాప చుట్టూ తిప్పుతారు, గొణుగుతారు, పొయ్యిలో పడేస్తారు. ఒకసారి కాదు, పన్నెండు వారాలు.”

“అయ్యో రామ! ఉప్పూ మిరపకాయలండీ అవి! పిల్లకు దిష్టి తీశాను!”

“దిష్టా? మా మామ్మ తీసేదండి ఎప్పుడో,” అని వీరభద్రం తల గోక్కున్నాడు. “ఈ పేటలో మీ ఇంట్లో తప్ప ఎక్కడా లేదమ్మా. దానికెవరూ నేర్పలేదు. మాటలు వినకూడదని చట్టం గదా, పెదాలు కదిలినట్టు మట్టుకే దానికి తెలుస్తది.”

వకుళకు ఏడుపొచ్చినంత పనైంది. “విన్నారా? పిల్లకు కన్ను తగులుతుందనే గదా!”

ముకుంద్ వినలేదు. తెర మీద పొయ్యి ముందు వంగిన భార్యనే చూస్తున్నాడు. “నేను లేనప్పుడే ఎందుకు?” అన్నాడు.

“మీరు మూఢనమ్మకాలంటూ ఎగతాళి చేస్తారని!”

“చెప్పి ఉండాల్సింది,” అన్నాడతను.

వీరభద్రం మంచివాడు. “పాప బెంగ పెట్టుకోకుండా వేషం మార్చేస్తానుండండి,” అని మరేదో నొక్కాడు. చిన్న తెర మీద వకుళ కిరీటం పెట్టుకుని రాణిలా నడిచొచ్చింది. అందులోని జాబిలిని ఎత్తుకుని ముద్దాడింది. “చూడు బంగారూ, పిన్ని రాణీగారు!” అంది వకుళ ఆశగా.

జాబిలి కళ్లార్పకుండా చూసింది. తండ్రి చెవిలో చెప్పాననుకుని, అందరికీ వినబడేలాగే చెప్పింది.

“మంత్రగత్తె వేషం మార్చుకుంది నాన్నా.”

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. వకుళ అన్నం వార్చింది, ముద్దపప్పు చేసింది, ఆవకాయ జాడీ దించింది. చేసినంతసేపూ వంటింటి తలుపు బార్లా తీసే ఉంచింది. ఎవరైనా చూస్తే చూడనీ అనుకుంది. మొగుడికీ పిల్లకూ కనబడాలనే తెరిచానని తలచుకుంటే తనకే సిగ్గేసింది.

ముగ్గురూ కింద కూర్చున్నారు. జాబిలి కంచంలో పప్పన్నం కలిపి నెయ్యి వేసింది వకుళ. పిల్ల కంచాన్ని మెల్లగా అవతలికి నెట్టింది.

“ముందు నువ్వు తిను పిన్నీ.”

వకుళ నెయ్యి గిన్నె పక్కన పెట్టింది. ముకుంద్ వైపు చూసింది.

“ఛ, తప్పు! అదేం మాట?” అని ముకుంద్ కూతుర్ని కసిరాడు. కసిరాడే గానీ, తను కలుపుకున్న ముద్దను కంచంలోనే ఉంచాడు.

వకుళ పిల్ల కంచంలోంచి ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. అది దిగేదాకా తండ్రీ కూతురూ ఆమెనే చూశారు.

అప్పుడు ముకుంద్ ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకున్నాడు.

“పప్పు బావుంది వకుళా,” అన్నాడు.