మొదటి పిక్‌కు బదులుగా

శనివారం పొద్దున దోసె తింటూ కూడా చక్రధర్ ఫోన్‌లో జట్టు జాబితానే చూసుకుంటున్నాడు. టొరంటోలోని స్కార్‌బరో తెలుగువాళ్ల బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఆడా మగా కలిసే ఆడతారు. కిందటి సీజన్ ఫైనల్లో అతని జట్టు ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయింది. ఆ రోజు నుంచి పెద్దమనిషికి ఇంకో ధ్యాస లేదు. ఎవరిని ఉంచుకోవాలి, ట్రేడ్‌లో ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలి అంటూ వేసవంతా బేస్‌మెంట్‌లో వైట్‌బోర్డు ముందే గడిపాడు.

ఆ సెప్టెంబరులో కాలేజీలకు వచ్చిన మన పిల్లలతో బస్సుల్లో నిలబడటానికి కూడా చోటు లేదు. లీగ్‌వాళ్లు వాళ్లలోంచే జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ పెట్టారు. కిందటేడు ఆఖరున నిలిచిన జట్టు ముందు ఎంచుకుంటుంది. ఎంచుకున్నవాళ్లే ఆ స్టూడెంట్‌కి గది చూసిపెట్టాలి, వీలైతే పార్ట్‌టైమ్ పని కూడా చూపించాలి. కాకినాడ కుర్రాడు వీర్రాజు ఆరడుగుల నాలుగంగుళాలు. అతన్ని చూసినప్పటినుంచి చక్రధర్‌కి నిద్ర పట్టలేదు. కానీ మొదటి పిక్, అంటే అందరికన్నా ముందు ఎంచుకునే వంతు, వీరభద్రంగారి జట్టుది. అది కావాలంటే బంతిని నడిపించే మంచి పాయింట్ గార్డ్‌ని ఇమ్మన్నాడాయన.

చక్రధర్ దగ్గర అలాంటి గార్డ్ ఒక్కతే ఉంది, కూతురు స్పందన.

ఇచ్చేశాడు. ఏ జట్టుకి ఆడినా తినేది మనింట్లోనేగా అనుకున్నాడు. సాయంత్రం తీరిగ్గా చెప్పొచ్చులే అనుకున్నాడు. మధ్యాహ్నానికే జాబితా వాట్సాప్ గ్రూప్‌లో పడింది, స్కూల్లో ఉన్న పిల్ల అది చదువుకుంది. పది రోజులైంది, తండ్రితో మాట లేదు.

దోసె ముగించేలోపే వీర్రాజు ఫోన్ చేశాడు. చక్రధర్ చెప్పి పెట్టించిన గోడౌన్‌లోనే శనివారాలు షిఫ్ట్ వేశారట. "ఈ సీజన్‌కి రాలేనండి అంకుల్. అసలు నేను ఆడేది షటిలండి. పొడుగు చూసి అందరూ ఇలాగే అనుకుంటారు" అన్నాడు పాపం, నొచ్చుకుంటూ.

అప్పుడే స్పందన బ్యాగ్ భుజాన వేసుకుని మేడ దిగింది. కొత్త జట్టుతో ఇవాళే మొదటి ప్రాక్టీసు. పన్నెండో గ్రేడ్ పిల్ల, వచ్చే ఏడు దేశానికి ఆ చివరనున్న బర్నబీలో యూనివర్సిటీకి వెళ్లిపోతుంది. ఎనిమిదేళ్లుగా ప్రతి శనివారం తండ్రి కార్లోనే జిమ్‌కి వెళ్లేది. ఇంట్లో ఒక్క ముక్కతో సరిపెట్టే పిల్ల ఆ నలభై నిమిషాలూ గలగలా మాట్లాడుతూనే ఉండేది.

చక్రధర్ తాళాలు తీసుకుని తాను దింపుతానన్నాడు. వీరభద్రం అంకుల్ వస్తున్నారంది స్పందన.

"అది ఆట తల్లీ. నీ మీద కోపంతో ఇచ్చానా?"

"ఫైనల్లో లాస్ట్ షాట్ మిస్ చేశాను కదా నాన్నా. నువ్వు ఏమీ అనలేదు. ఐ థాట్ యూ ఫర్‌గేవ్ మీ."

బయట హారన్ మోగింది. అతను నోరు తెరిచేలోపే తలుపు మూసుకుంది.

అతని భార్య సుగుణ అంతా విని లేచింది. ఫ్రిజ్ మీద కిరాణా కాగితాల కిందనుంచి ఒక పేజీ తీసి అతని చేతిలో పెట్టింది. డ్రాఫ్ట్‌కి ముందునుంచీ అక్కడే ఉందట, పిల్ల మీకోసమే పెట్టిందని చెప్పింది.

స్పందన రాత. పైన జట్టు పేరు. వీర్రాజు వద్దు, అడిగి కనుక్కున్నాను, షటిల్ ఆడతాడట అని రాసింది. నా ప్లేస్‌లో కొత్త గార్డ్‌ని తీసుకో, నేను బెంచ్ మీద కూర్చుంటాను, నాకిదే లాస్ట్ ఇయర్ అయినా పర్లేదు అని రాసింది. అడుగున చుట్టూ గీత గీసి ఇంకో ముక్క ఉంది. శనివారం రైడ్: నో ట్రేడ్.

చక్రధర్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక్కసారి అడిగి ఉంటే చాలు, పిల్ల తన చోటు తానే ఇచ్చేది. తన జట్టు ప్రాక్టీసు సంగతి మరిచిపోయి వీరభద్రంగారి జిమ్‌కి వెళ్లి, వాళ్ల ప్రాక్టీసు అయ్యేదాకా ఆగాడు. స్పందనని వెనక్కి ఇవ్వమని అడిగితే, నిన్ననే జాబితాలు లాక్ చేశారని, సీజన్ అయ్యేదాకా కమిటీ కూడా ఏమీ చేయలేదని ఆయన చెప్పాడు.

"అయితే జట్టులో మీరే ఉంచుకోండి. రానూపోనూ మాత్రం..." అని చక్రధర్ మధ్యలోనే ఆగిపోయాడు. మళ్లీ అదే తప్పు చేయబోయాడు. కూతురి వైపు తిరిగాడు. "నిన్నే అడుగుతున్నాను. ఇంటికి నేను దింపనా?"

స్పందన బ్యాగ్ సర్దుకుంది. తర్వాత కారు దగ్గరికి నడిచింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి ముందు సీటు వదిలేసి వెనక కూర్చుంది.

చక్రధర్ కారు నడుపుతున్నాడు. పక్క సీటు ఖాళీ. ఇలాంటి శనివారాలు ఎన్ని మిగిలాయో అనుకునేసరికి అతనికి దుఃఖం ఆగలేదు. "ఆ షాట్ సంగతి నాకు ఆ రోజే గుర్తులేదమ్మా. నువ్వు ఏడుస్తున్నావేమో అనే చూశాను. ఆ మాట నీకు చెప్పలేదు" అన్నాడు.

సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు చెమటకు తడిసిన ఆమె తువ్వాలు అతని భుజం మీదుగా ముందుకొచ్చింది.

"కళ్లు తుడుచుకో నాన్నా. రోడ్ కనిపించదు."