పైకెళ్తే బిగుసుకునే యోక్

టేపులో, చనిపోయిన పైలట్ గొంతు ప్రశాంతంగా ఉంది.

"యోక్ బిగుసుకుపోయింది. లాగుతున్నాను, రావట్లేదు. కొండ దగ్గరికొచ్చేస్తోంది..."

యోక్ అంటే విమానం స్టీరింగ్. ఆ మాటల తర్వాత గరగర. చీఫ్ టేపు ఆపాడు.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని ఆఫీసులో అందరూ పిల్లి అంటారు, నడిస్తే చప్పుడు కాదని. టేపులో గొంతు అతని బావది. సొంత అక్క మొగుడు, ఇదే సీక్రెట్ సర్వీసులో పైలట్. పోయి ఏడాది దాటింది. శిథిలాల్లో లోపమేదీ కనబడక 'పైలట్ పొరపాటు' అని రాసి ఫైలు మూసేశారు. అక్క మాత్రం ఇంకా మూయలేదు. "మీ బావ ఇంట్లోంచి బయల్దేరితే గొళ్లెం రెండుసార్లు లాగి చూసేవాడ్రా. ఆయనా పొరపాటు చేసేది?" అని కనిపించినప్పుడల్లా అడుగుతుంది. అందుకే పిల్లి అక్క ఇంటికి వెళ్లడం తగ్గించేశాడు.

"మీ బావ విమానం ఎగిరిన ఫ్లయింగ్ క్లబ్‌లోనే ఇంకో విమానానికి అదే జబ్బు," అన్నాడు చీఫ్. "పైకెళ్తే యోక్ పట్టేస్తుంది. దిగాక చూస్తే మామూలే. రేపు ఉదయం అందులోనే లెక్కల మాస్టారు ప్రయాణం."

లెక్కల మాస్టారంటే విదేశీ ముఠా సీక్రెట్ కోడ్ విప్పిన పెద్దాయన. ఆయన రాజధాని చేరి నోరు విప్పితే ముఠా మొత్తం బోనులోకి వస్తుంది.

"రోడ్డు మీద తీసుకెళ్తే?"

"ప్రతి మలుపులో వాళ్ల కళ్లున్నాయి. అక్కడ ఎగరగలిగే విమానం అదొక్కటే. నువ్వు మెకానిక్‌గా వెళ్లు. నేను ఇన్సూరెన్స్ ఆఫీసర్‌గా కంట్రోల్ రూంలో కూర్చుంటాను. పైలట్ కోడ్‌నేమ్ నెమలి. డబుల్ ఏజెంట్. రెండు పడవల మీద కాళ్లేసిన మనిషి. అందులో మన పడవ ఏదో నాకూ తెలీదు."

క్లబ్‌లో విమానాలుంచే హ్యాంగర్ రేకుల కప్పు ఎండకి పెటపెటమంటోంది. ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలతో నెమలి రెక్కకి ఆనుకుని నిలబడింది.

"గాలి ఎటుంది మేడమ్?" అడిగాడు పిల్లి.

"నమ్మినవాళ్ల వైపు లేదు." కోడ్ సరిపోయింది.

అతను పైలట్ సీట్లో కూర్చున్నాడు. వెనకనుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టయింది. తిరిగి చూడలేదు. ఇలాంటి కాక్‌పిట్ ఎక్కిన ప్రతిసారీ అంతే, ముందు చెయ్యి, తర్వాత గొంతు. *లాగుతున్నాను, రావట్లేదు.*

యోక్ లాగితే విమానం ముక్కు పైకి లేస్తుంది, తోస్తే దిగుతుంది. లాగాడు. వెన్నలా వచ్చింది. నేల పలకలు విప్పి కేబుల్స్ వేలితో తడిమాడు, బిగువు కొలిచే టెన్షన్ గేజ్ పెట్టి చూశాడు, కప్పీలు తిప్పాడు, తోకలో కీళ్లు కదిపాడు. తేడా లేదు. యోక్ కడ్డీ డాష్‌బోర్డ్‌లోకి దూరే రంధ్రం దగ్గర మాత్రం గ్రీజు కొత్తగా మెరుస్తోంది.

"నేనే పెట్టాను అబ్బాయ్," అన్నాడు ఫోర్‌మన్. నెరిసిన మీసం, నవ్వు మొహం, క్లబ్‌లో అందరికీ బాబాయే. "మా పైలట్ అమ్మాయికి చేతుల్లో బలం తక్కువ, మనసులో అనుమానం ఎక్కువ."

పిల్లికి తప్పు దొరకలేదు. దొరకలేదు కాబట్టే మర్నాడు నెమలి పక్క సీట్లో తనూ ఎక్కాడు. వెనక సీట్లో లెక్కల మాస్టారు, ఒళ్లో కాఫీ ఫ్లాస్కు.

కొండల పైకి చేరేసరికి లోపల చలి మొదలైంది. అద్దాలకి ఆవిరి పట్టింది.

"హీటర్ వెయ్యమ్మా, కాళ్లు కొయ్యలైపోతున్నాయి," అన్నారు మాస్టారు.

"పాడైంది మాస్టారూ." నెమలి గొంతు తగ్గించింది. "మీరు ఏడాది కింద పోయిన పైలట్‌గారి బావమరిది కదూ? ఆయన చూపించిన ఫొటోలో మీ అక్కగారివీ ఇవే కళ్లు. ఆ రోజు కిందనుంచి రేడియోలో ఆయనతో మాట్లాడింది నేనే. టేపు చివర కత్తిరించింది కూడా నేనే. ఆఖరిమాట నాతో అన్నారు. 'నెమలీ, ఈ విమానాలు ఎక్కకు' అని. సర్వీసు నాకు పెట్టిన ఆ పేరు ముఠా చెవిన పడితే నా ప్రాణం పోయేది. అందుకని ఆయన పరువు పోనిచ్చాను. రోజూ వినబడతారు నాకు."

పిల్లి ఏదో అనబోయాడు. అంతలో ఆమె రెండు చేతులతో యోక్ లాగింది.

"పట్టేసింది!"

ఇద్దరూ కలిసి లాగారు. రాతిలో పాతినట్టుంది. ఇంజన్ వేగం పెంచే థ్రాటిల్ పూర్తిగా తోస్తే ముక్కు కాస్త లేచింది, చాల్లేదు. ఎదురుగా శిఖరం గోడలా పెరుగుతోంది. పిల్లి చెవిలో బావ గొంతు. చచ్చిపోతూ కూడా ఎంత ప్రశాంతంగా ఉన్నాడో!

"రెండు లెక్కలూ ఒకేచోట తప్పాయేమిటయ్యా?" అన్నారు మాస్టారు వణుకుతూ. "స్టీరింగూ పోయింది, హీటరూ పోయింది."

పిల్లి ఉలిక్కిపడ్డాడు. "నెమలీ, బావ విమానంలో హీటర్?"

"అదీ పనిచెయ్యలేదు!"

చలి! కింద ఎండలో మెత్తగా ఉండి, పైన హీటర్ లేని చలికి రాయైపోయే గ్రీజు. ఎవరు పెట్టారో అతను నిన్న స్వయంగా విన్నాడు.

"మాస్టారూ, ఆ ఫ్లాస్కు ఇటివ్వండి!"

"కాఫీ తాగే టైమా ఇది?"

లాక్కుని మూత పీకి, పొగలు కక్కే కాఫీ మొత్తం కడ్డీ మొదట్లో కుమ్మరించాడు. డాష్‌బోర్డ్ చిటపటలాడింది. రేడియో గుర్రుమని చచ్చిపోయింది. గ్రీజులో కలిపిన గోధుమరంగు మైనం కరిగి వేళ్ల మీదకి కారింది.

"లాగు!"

యోక్ కిర్రుమంది, కదిలింది, ఒక్కసారిగా వచ్చేసింది. చక్రాల కింద చెట్ల కొనలు బరబర రాసుకున్నాయి. మరుక్షణం ముందు ఆకాశం తప్ప ఏమీ లేదు. పిల్లి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, ఏడాదిగా దాచుకున్న ఏడుపు ఏడ్చాడు. నెమలి విమానాన్ని వెనక్కి తిప్పి, వెచ్చటి గాలి కోసం లోయ వెంబడి కిందుగా నడిపింది.

క్లబ్‌లో దిగేసరికి ఫోర్‌మన్ చేతులకి బేడీలున్నాయి. పక్కన చీఫ్.

"మీ రేడియో ఆగింది. మాకు తెలిసింది అంతే," అన్నాడు చీఫ్. "ఈ బాబాయ్ మాత్రం గుండెలు బాదుకుంటూ వచ్చాడు, విమానం కొండకి గుద్దుకుంది సార్, పైలట్ పొరపాటే అని. ఇక్కణ్ణించి కొండ కనబడదు కదా, నీకెవరు చెప్పారయ్యా అన్నాను. అప్పట్నుంచి నోరు విప్పలేదు. ఇవాళే మరమ్మతు పూర్తయిన మనవాళ్ల విమానం పై ఊరి నుంచి వస్తోంది, మాస్టార్ని సాయంత్రంలోగా చేర్చేస్తాం."

నెమలి కళ్లద్దాలు తీసి పిల్లి వైపు చూసింది. "మీ అక్కగారికి నేనే చెప్తాను. పొరపాటు ఆయనది కాదని."

"ఇద్దరం వెళ్దాం," అన్నాడతను.

బండి ఎక్కబోతూ ఫోర్‌మన్ ఆగాడు. ఖాళీ ఫ్లాస్కు వైపూ, పిల్లి చేతులకి అంటుకున్న మైనం వైపూ చూశాడు. మొహంలో నవ్వు లేదు.

"చావు కబురు చల్లగా చెప్తారని విన్నాను బాబాయ్," అన్నాడు పిల్లి చేతులు తుడుచుకుంటూ. "నువ్వేంటి, మేం చావకముందే తొందరపడ్డావ్?"