ముప్పై ఒకటో రౌండు

ఆగస్టు మధ్యాహ్నం. అలబామా ఎండకు ట్రాక్ మీద తారు వాసన గుప్పుమంటోంది. పందెం లేని రోజు కాబట్టి గ్యాలరీలన్నీ ఖాళీ. వెర్లన్ తమ్ముడి కారుకు చివరి బోల్టు బిగిస్తున్నాడు.

గాలిని చీల్చేందుకు పొడవాటి ముక్కు, డిక్కీ మీద ఎత్తైన రెక్క పెట్టిన కారు అది. షోరూముల్లో దాని అవతారం చూసి జనం నవ్వారు. పందేల్లో మాత్రం దాన్ని అందుకున్నవాడు లేడు. ఇప్పుడు కంపెనీ తయారీ ఆపేసింది, విడిభాగాలు దొరకడం లేదు.

"ఈ రెక్క ఎక్కడ కొట్టుకొచ్చావన్నా?" అన్నాడు హోయిట్.

"నోరు మూసుకుని తోలు. ఎనిమిది రౌండ్లకే పెట్రోలు పోశాను."

మనిషి పోయిన కారులోంచి బోల్టు కూడా తీసి వాడకూడదని మెకానిక్కుల పట్టింపు. ఇలాంటి కారే తోలే డోయల్ ఏప్రిల్లో ఇక్కడే, పందెం ఇంకా ముప్పై ఒక్క రౌండ్లు ఉండగా, గోడకు కొట్టుకుని పోయాడు. అతని కారు రెక్కకు మాత్రం గీత పడలేదు. వెర్లన్‌కు ఆశ పుట్టింది. రంగు మార్చి బిగించాడు, తమ్ముడికి చెప్పలేదు.

ఎనిమిదో రౌండుకు "లోపలికి రా" అని సుద్దతో పలక మీద రాసి చూపించాడు. కారు ఆగలేదు. రెక్క ఈల వేసుకుంటూ దూసుకుపోయింది.

పలక తిప్పి చూసుకున్నాడు. దాని మీద "31" అని ఉంది.

తుడిచి మళ్లీ రాశాడు. కారు వెళ్లాక చూస్తే... "30".

వెర్లన్ గోడెక్కి చేతులూపాడు, అరిచాడు. పలక మీద "15" పడేసరికి పెట్రోలు అయిపోయి ఇంజన్ చప్పుడు ఆగిపోయింది. కారు మాత్రం ఆగలేదు. అదే వేగం. ఈల ఒక్కటే. అద్దం వెనక హోయిట్ స్టీరింగ్ వదిలేసి, రెండు చేతులతో తలుపు బాదుతున్నాడు.

"వాణ్ని వదిలెయ్ డోయల్... తప్పు నాది," అని గొణిగాడు వెర్లన్. చేయగలిగిందేమీ లేదు. పలక పట్టుకుని నిలబడ్డాడు.

మూడు... రెండు... ఒకటి.

కారు మెల్లగా వచ్చి అతని ముందు ఆగింది. హోయిట్ దిగాడు. ఒంటిమీద చెమట చుక్క లేదు. వెర్లన్ ఏడుస్తూ వాటేసుకున్నాడు.

"రెక్క బాగా కుదిరింది, ముసలోడా," అన్నాడు హోయిట్.

వెర్లన్ చేతులు సడలిపోయాయి. తమ్ముడు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అతన్ని అన్నా అనే పిలిచాడు. ముసలోడా అని పిలిచేది డోయల్ ఒక్కడే.

ఖాళీ ట్రాక్ మీద, అవతలి వంపులో... ఈల ఇంకా వినిపిస్తూనే ఉంది. దాంతోపాటే ఎవరో తలుపు బాదుతున్న చప్పుడు.